ల్యాప్‌టాప్‌తో వాయించేవారికి ఎక్స్‌ప్రెషన్ పెడల్: ఎంపిక నుంచి వేదిక దాకా

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పద్య నాటకాలకు, హరికథలకు, జాతర వేదికల మీది పాటకచేరీలకు హార్మోనియం పెట్టె ఉండే చోట ఇప్పుడు చిన్న కీబోర్డు, దాని పక్కన ల్యాప్‌టాప్ కనిపిస్తున్నాయి. ఒక్క సంచిలో హార్మోనియం, వయొలిన్, వేణువు, నాదస్వరం అన్నీ ఇమిడిపోతాయి కాబట్టి రాజాం నుంచి పాలకొండకో, చీపురుపల్లి నుంచి ఆమదాలవలసకో బస్సులో వెళ్లి వాయించి రావడం తేలికైంది. అయితే హార్మోనియంలో ఎడమ చెయ్యి తిత్తి మీద ఉండి నాదాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉండేది. నటుడు పద్యం చివర రాగం తీస్తూ గొంతు పెంచినప్పుడు తిత్తి దానితోపాటు నిండేది, ఆయన మాట్లాడబోతుంటే సన్నబడేది. కీబోర్డుకు తిత్తి లేదు. మెట్టు నొక్కిన క్షణంలో ఎంత బలం ఉందో అదే బలంతో ఆ స్వరం చివరిదాకా నిలబడి ఉంటుంది. పోయిన ఆ ఊపిరిని తిరిగి తెచ్చే పరికరమే ఎక్స్‌ప్రెషన్ పెడల్. దానిని కొనేటప్పుడు అదనపు అలంకారమని కాక తిత్తి బాధ్యతను మోసే భాగమని భావించి ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఈ మార్గదర్శి అంతా ఆ దృష్టితోనే సాగుతుంది.

మొదటి అడుగు: పెడల్ మీకు నిజంగా అవసరమా?

ముందుగా మీరు ఎలా కూర్చుని వాయిస్తారో చూసుకోండి. భజన మందిరాల్లో, హరికథ వేదికల మీద బాసిపట్టు వేసుకుని నేల మీద కూర్చునే వాద్యకారుడికి పాదంతో తొక్కే పెడల్ పనికిరాదు. అలాంటివారు కీబోర్డు మీద ఉండే మాడ్యులేషన్ చక్రాన్ని గానీ, నిలువుగా జరిపే ఫేడర్‌ను గానీ అదే పనికి కేటాయించుకుంటే సరిపోతుంది, పెడల్ ఖర్చు మిగులుతుంది. నాటక వేదిక పక్కన కుర్చీ వేసుకుని, కీబోర్డును స్టాండు మీద పెట్టుకునేవారి సంగతి వేరు. పూర్వం నాటక సమాజాల్లో కాలితో తొక్కే హార్మోనియం ఉండేది కాబట్టి, పాదంతో నాదాన్ని నడిపించడం ఈ రంగానికి కొత్తేమీ కాదు.

రెండో ప్రశ్న ఎడమ చేతికి సంబంధించినది. కుడి చేత్తో మెట్లు నొక్కుతూ ఎడమ చేత్తో పిచ్ చక్రాన్ని తిప్పి గమకాలు పలికించే అలవాటు మీకు ఉంటే, నాద స్థాయిని చూసుకోవడానికి మరో చెయ్యి మిగలదు. ఇలా వాయించేవారికి పెడల్ తప్పనిసరి అనే చెప్పాలి.

మూడోది, మీరు ఎక్కువగా వాడే వాద్యం. హార్మోనియం, వయొలిన్, వేణువు, నాదస్వరం, ఆర్గాన్ వంటి నిలిచి మోగే నాదాల మీద పెడల్ ప్రభావం స్పష్టంగా వినిపిస్తుంది. బొబ్బిలి వీణ వంటి మీటే వాద్యాల ధ్వనిలో మీటిన వెంటనే నాదం క్షీణించడం మొదలవుతుంది కాబట్టి, పెడల్ ఎంత తొక్కినా ఆరిపోయిన నాదం తిరిగి లేవదు. ప్రధానంగా వీణ, గిటారు, పియానో ధ్వనులే వాడేవారికి సాధారణ సస్టెయిన్ పెడల్ ఎక్కువ ఉపయోగపడుతుంది. ఈ రెండూ ఒకటి కావు. సస్టెయిన్ పెడల్ అనేది మెట్టు వదిలినా నాదాన్ని నిలిపి ఉంచే, నొక్కితే పనిచేసి వదిలితే ఆగే స్విచ్ మాత్రమే. ఎక్స్‌ప్రెషన్ పెడల్ మడమ నుంచి మునివేళ్ల దాకా ఎంత వంచితే అంత విలువను పంపుతుంది.

రెండో అడుగు: సంకేతం ల్యాప్‌టాప్‌లోకి ఏ దారిన వెళ్తుంది?

పెడల్ లోపల ఉండేది సాధారణంగా ఒక పొటెన్షియోమీటర్, అంటే పాత రేడియోలో శబ్దం పెంచే బటన్ కింద ఉండే భాగమే. అది తనంతట తాను ల్యాప్‌టాప్‌తో మాట్లాడలేదు. దాని కదలికను కొలిచి మిడి సంకేతంగా, అంటే వాద్య పరికరాలూ కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే అంకెల భాషలోకి మార్చే పరికరం మధ్యలో ఉండాలి. కాబట్టి పెడల్ బ్రాండు గురించి ఆలోచించే ముందు ఈ మార్పిడి ఎక్కడ జరగాలో తేల్చుకోండి.

అన్నింటికన్నా సులువైన దారి కీబోర్డు ద్వారానే. మీ కీబోర్డు వెనుక భాగాన్ని వెలుతురులో పరీక్షగా చూడండి. అక్కడ ఎక్స్‌ప్రెషన్ అని రాసి ఉన్న జాక్ ఉంటే పెడల్‌ను అందులో పెట్టవచ్చు, మిగతా పని కీబోర్డు యూఎస్‌బీ తీగే చూసుకుంటుంది. సస్టెయిన్ అని ఒక్కటే రాసి ఉంటే, చిన్న కీబోర్డుల్లో ఎక్కువ భాగం ఇంతే, ఆ జాక్ స్విచ్‌ను మాత్రమే గుర్తిస్తుంది. అందులో ఎక్స్‌ప్రెషన్ పెడల్ పెడితే సగం దూరం దాకా ఏమీ జరగక, ఆ తరువాత ఒక్కసారిగా సస్టెయిన్ పడుతుంది. ఒకే జాక్‌ను రెండింటిలో దేనికైనా మార్చుకునే కీబోర్డులు కూడా ఉన్నాయి కాబట్టి మాన్యువల్‌లో ఆ పేజీ చదవండి.

కీబోర్డులో ఆ సదుపాయం లేకపోతే, పెడల్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఒక చిన్న మార్పిడి పెట్టె పెట్టుకోవచ్చు. ఆడియోఫ్రంట్ సంస్థ తయారుచేసే మిడి ఎక్స్‌ప్రెషన్ పెట్టెలు ఈ కోవలోవి. వీటికి విడిగా అడాప్టర్ అక్కర్లేదు, యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటాయి. బాస్ ఈవీ-1-డబ్ల్యూఎల్ వంటి పెడల్ అయితే బ్లూటూత్ మీద నేరుగా మిడి పంపుతుంది. ఇంట్లో సాధనకు వైర్లెస్ హాయిగా ఉంటుంది కానీ, వేల మంది ఫోన్లతో నిలబడే జాతర వేదిక మీద నేను తీగనే నమ్ముతాను.

బెరింగర్ ఎఫ్‌సీబీ1010 వంటి పెద్ద నేల బోర్డులో రెండు పెడళ్లు, పదికి పైగా స్విచ్‌లు ఉంటాయి. మంచి పరికరమే. కానీ అది గోడ సాకెట్ నుంచి కరెంటు తీసుకుంటుంది, దాని మిడి పాత గుండ్రని ఐదు పిన్నుల జాక్ నుంచి వస్తుంది కాబట్టి ల్యాప్‌టాప్‌కు మరో యూఎస్‌బీ మిడి తీగ కావాలి, పైగా బస్సు ఎక్కేవారికి బరువు. వాహనంలో సామాను వేసుకుని వెళ్లే బృందాలకే అది తగినది.

సొంతంగా చేసుకునే ఆసక్తి ఉన్నవారికి ఇంకో మార్గం ఉంది. సొంతంగా ప్రోగ్రాం రాసుకునే చిన్న సర్క్యూట్ బోర్డులైన ఆర్డుయినోలలో ప్రో మైక్రో, లియోనార్డో బోర్డుల్లో వాడే చిప్‌కు యూఎస్‌బీ మిడి పరికరంగా కనిపించే సామర్థ్యం స్వతహాగా ఉంటుంది. ఊనో ఆర్3 బోర్డుకు అది లేదు కాబట్టి చవకగా దొరికిందని దానిని కొనకండి. పెడల్ జాక్‌లోని రింగ్‌కు 5 వోల్టులు, టిప్‌ను అనలాగ్ పిన్‌కు, స్లీవ్‌ను గ్రౌండ్‌కు కలపాలి (ఈ భాగాలు ఏవో మూడో అడుగులో చెప్పాను; ఇది రోలాండ్ తరహా పెడల్‌కు). జాక్ గుచ్చేటప్పుడు దాని భాగాలు క్షణకాలం ఒకదానికొకటి తగిలి 5 వోల్టులు నేరుగా గ్రౌండ్‌కు చేరే ప్రమాదం ఉంది. అందుకని ఆ 5 వోల్టుల దారిలో 470 ఓంల రెసిస్టర్ ఒకటి తప్పక పెట్టండి. బోర్డు 0 నుంచి 1023 దాకా కొలుస్తుంది, దానిని 8తో భాగిస్తే మిడికి కావలసిన 0 నుంచి 127 వస్తుంది. పైన చెప్పిన రెసిస్టర్ వల్ల 10 కిలోఓంల పెడల్ పూర్తిగా తొక్కినా విలువ 122 దగ్గర ఆగుతుంది, ఆ తేడాను ప్రోగ్రాంలో సరిచేసుకోవాలి.

మూడో అడుగు: వైరింగ్ కలవాలి

కొన్న పెడల్ సరిగా పనిచేయలేదని బాధపడేవారిలో చాలామంది విషయంలో పెడల్ తప్పు ఉండదు, వైరింగ్ కలవకపోవడమే కారణం. కాబట్టి ఈ భాగాన్ని కొంచెం ఓపికగా చదవమని కోరుతున్నాను.

ఎక్స్‌ప్రెషన్ పెడల్ జాక్ 6.35 మిల్లీమీటర్ల స్టీరియో జాక్. దాని మీద రెండు నల్లని గీతలు, వాటి వల్ల మూడు లోహ భాగాలు కనిపిస్తాయి. కొస టిప్, మధ్యది రింగ్, వెనుకది స్లీవ్. ఒక్క గీతే ఉంటే అది మోనో జాక్, అంటే సస్టెయిన్ స్విచ్‌దో మరొకటో అయి ఉంటుంది. పొటెన్షియోమీటర్‌కు రెండు కొసలు, వాటి మధ్య కదిలే వైపర్ ఉంటాయి. ఈ వైపర్‌ను ఏ లోహ భాగానికి కలిపారన్న దాని దగ్గరే తయారీదారులు రెండుగా చీలారు. రోలాండ్ ఈవీ-5 తరహా పెడళ్లలో వైపర్ టిప్‌కు వస్తుంది. యమహా ఎఫ్‌సీ7లో, కోర్గ్ పెడళ్లలో అది రింగ్‌కు వస్తుంది. ఒక తరహా పెడల్‌ను మరో తరహా జాక్‌లో పెడితే మొత్తం మార్పు పాదం కదిలే కొద్దిపాటి దూరంలోనే జరిగిపోవడం, లేదా విలువ ఒక చివరను అందుకోలేకపోవడం చూస్తారు.

దీనికి నేను సూచించే పరిష్కారం, వైరింగ్ మార్చే స్విచ్ అడుగున ఉన్న పెడల్ కొనడం. ఎం-ఆడియో ఈఎక్స్-పీ, మూగ్ ఈపీ-3, నెక్టార్ ఎన్ఎక్స్-పీ ఇటువంటివే. రేపు కీబోర్డు మారినా పెడల్ పనికొస్తుంది, తోటి వాద్యకారుడి కీబోర్డు మీద అత్యవసరంగా వాయించవలసి వచ్చినా ఇబ్బంది ఉండదు. ఇప్పటికే స్విచ్ లేని పెడల్ మీ దగ్గర ఉంటే దానిని పక్కన పడేయకండి. టిప్‌నూ రింగ్‌నూ అటుదిటు చేసి అతికిన చిన్న తీగ ఒకటి చాలు. సోల్డరింగ్ వచ్చిన మైకుసెట్టు దుకాణంలో ఎవరైనా దానిని చేసిపెట్టగలరు.

పాత పెడల్ చేతికొచ్చి దాని తరహా తెలియకపోతే మల్టీమీటర్‌తో తెలుసుకోవచ్చు. మీటర్‌ను ఓంలు కొలిచే 200 కిలోఓంల స్థానంలో పెట్టండి. పెడల్ దేనికీ కలపకుండా ఉండాలి. టిప్‌కూ స్లీవ్‌కూ మధ్య, రింగ్‌కూ స్లీవ్‌కూ మధ్య, టిప్‌కూ రింగ్‌కూ మధ్య ఇలా మూడు జతలను కొలుస్తూ, ప్రతిసారీ పెడల్‌ను మడమ నుంచి మునివేళ్ల దాకా నెమ్మదిగా వంచండి. ఒక జత దగ్గర మాత్రం పెడల్ కదిలినా అంకె కదలదు. ఆ జతలో లేని మూడో భాగమే వైపర్. రింగ్‌కూ స్లీవ్‌కూ మధ్య అంకె స్థిరంగా ఉంటే వైపర్ టిప్‌కు ఉన్నట్టు, అంటే రోలాండ్ తరహా. టిప్‌కూ స్లీవ్‌కూ మధ్య స్థిరంగా ఉంటే యమహా తరహా. ఈ కొలతలోనే మరో రెండు విషయాలు తెలుస్తాయి. ఆ స్థిరమైన అంకె పెడల్ మొత్తం నిరోధం. వైపర్ ఉన్న జత దగ్గర అంకె ఎక్కడైనా ఎగిరిపడినా, మాయమైనా లోపల అరుగుదల ఉందని గ్రహించవచ్చు.

నిరోధం విషయంలో అతిగా ఆందోళన పడనక్కర్లేదు. ఈవీ-5 వంటివి 10 కిలోఓంలు, ఎఫ్‌సీ7 దాదాపు 50 కిలోఓంలు. ఈ మధ్యలో ఏదున్నా చాలా పరికరాలు అంగీకరిస్తాయి. గిటారు వాల్యూమ్ పెడళ్లలో ఉండే 250 కిలోఓంల దగ్గర మాత్రం విలువలు నిలకడగా ఉండవు. వాల్యూమ్ పెడల్ విషయంలో మరో ఇబ్బంది కూడా ఉంది. అందులోని పొటెన్షియోమీటర్ చెవి వినే తీరుకు అనుగుణంగా లాగ్ పద్ధతిలో మారుతుంది. మనకు కావలసింది దూరానికి సమానంగా మారే లీనియర్ రకం. లాగ్ రకంలో మార్పంతా ఒక చివరన గుమిగూడుతుంది, సాఫ్ట్‌వేర్‌లో వంపు సరిచేసినా ఆ చివరన మెట్లు మెట్లుగా వినిపిస్తుంది. దుకాణంలో వాల్యూమ్ పెడల్‌ను ఎక్స్‌ప్రెషన్ పెడల్‌గా అంటగట్టబోతే సున్నితంగా తిరస్కరించండి.

నాలుగో అడుగు: పాదానికి, సంచికి తగిన శరీరం

మన వేదికల మీద చెప్పులు విప్పి కూర్చుంటాం. బూట్లతో తొక్కడానికి రూపొందించిన గరుకైన లోహపు పలక వట్టి పాదానికి గంటసేపు నాటకంలో నొప్పి కలిగిస్తుంది, శీతకాలపు రాత్రి చల్లగా తగులుతుంది. పైన రబ్బరు పొర ఉన్నదానిని ఎంచుకోండి. పలక పొడవు మీ పాదానికి సరిపోవాలి. ఎఫ్‌సీ7 పూర్తి పాదం ఆనేంత పెద్దది, హాయిగా ఉంటుంది. ఈవీ-5, ఈఎక్స్-పీ ప్లాస్టిక్ శరీరంతో తేలికగా ఉండి సంచిలో ల్యాప్‌టాప్ పక్కన ఒదుగుతాయి, కానీ పాదం బరువుకు నేల మీద జారే స్వభావం వాటికే ఎక్కువ.

జారడం చిన్న సమస్య కాదు. వేదిక మీద పరిచే టార్పాలిన్, తివాచీ రెండూ పెడల్‌ను నిలవనివ్వవు, నాటకం సగానికి వచ్చేసరికి అది కుర్చీ కింద నుంచి మూర దూరం వెళ్లిపోతుంది. ఒక అడుగు వెడల్పు ప్లైవుడ్ ముక్క మీద వెల్క్రోతో పెడల్‌ను బిగించి, మడమ ఆ ప్లైవుడ్ మీదే ఆనేలా కుర్చీని సర్దుకుంటే మీ బరువే దానిని పట్టి ఉంచుతుంది. సస్టెయిన్ పెడల్ కూడా ఉంటే అదే ముక్క మీద పక్కన చేర్చవచ్చు.

చేత్తో నొక్కి చూసి పెడల్ కొనకండి, కూర్చుని పాదంతో నడిపి చూడండి. మధ్యలో ఎక్కడ వదిలినా అక్కడే నిలబడాలి. తనంతట తాను వాలిపోయే పెడల్‌తో సన్నటి నాదాన్ని పట్టి ఉంచడానికి పిక్క బిగించి కూర్చోవలసి వస్తుంది. బిగుతు సరిచేసుకునే మర ఉన్నది మేలు.

ఐదో అడుగు: ల్యాప్‌టాప్ తెర మీద పరీక్ష

వచ్చే మిడి సంకేతాలను అంకెల రూపంలో చూపే ఉచిత సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. విండోస్‌కు మిడి-ఆక్స్, మ్యాక్‌కు మిడి మానిటర్ సరిపోతాయి. పెడల్‌ను మడమ వైపు పూర్తిగా వంచి, పదికి లెక్కపెట్టేంత సమయం తీసుకుంటూ ముందుకు తొక్కండి. అంకెలు 0 దగ్గర మొదలై మధ్యలో పెద్ద గంతులు లేకుండా 127 చేరాలి. తరువాత సగంలో ఆపి పాదం తీసేయండి. ఇప్పుడు తెర నిశ్చలంగా ఉండాలి. ఎవరూ తొక్కకుండానే 63, 64, 63 అంటూ వరసలు కట్టి వస్తుంటే లోపలి భాగం మురికిపట్టిందనో, జాక్ వదులుగా ఉందనో, మార్పిడి పెట్టె చిన్న కదలికలను వడకట్టడం లేదనో అర్థం. తీగను జాక్ దగ్గర కొంచెం ఊపుతూ కూడా చూడండి.

చివరలు అందకపోతే కీబోర్డులోనో పెట్టెలోనో కాలిబ్రేషన్ చేయండి, అంటే పెడల్ రెండు చివరలు ఎక్కడున్నాయో దానికి నేర్పండి. ఈవీ-5 పక్కన కనిష్ఠ స్థాయిని నిర్ణయించే చిన్న మర ఉంటుంది, అది ఏ స్థానంలో ఉందో ముందు చూసుకోండి.

ఆరో అడుగు: ఏ సంకేతానికి ఏ పని

1983లో వెలువడిన మిడి ప్రమాణంలో ఈ మారే విలువలకు సంఖ్యలు ఉన్నాయి, వాటిని సీసీ (కంట్రోల్ ఛేంజ్) సంఖ్యలంటారు. సీసీ 7 వాల్యూమ్, సీసీ 11 ఎక్స్‌ప్రెషన్, సీసీ 1 మాడ్యులేషన్, సీసీ 64 సస్టెయిన్. పెడల్‌ను సీసీ 7కు కాక సీసీ 11కు కేటాయించండి. సౌండ్ చెక్ సమయంలో మైకు, తబలా, కీబోర్డుల మధ్య కుదిరిన సమతుల్యం సీసీ 7లో అలాగే ఉంటుంది, దాని పరిధి లోపల మాత్రమే సీసీ 11 మీ ఊపిరిలా పెరిగి తగ్గుతుంది. పెడల్‌తో సీసీ 7నే కదిలిస్తే మొదటి పద్యానికే ఆ సమతుల్యం చెదిరిపోతుంది.

హార్మోనియం ధ్వనికి పెడల్ పరిధిని 0 నుంచి 127 దాకా ఉంచవద్దు. కనిష్ఠాన్ని 40 చుట్టుపక్కల పెట్టండి. నిజమైన తిత్తి కూడా వాయిస్తూ ఉండగా నాదాన్ని పూర్తిగా మింగేయదు, పాడేవారికి ఆసరాగా సన్నగానైనా వినిపిస్తూనే ఉంటుంది. శ్రుతిని వేరే మిడి ఛానల్‌లో పెట్టి, పెడల్ ఆ ఛానల్‌ను తాకకుండా చూడండి. లేకపోతే మీరు నాదం తగ్గించిన ప్రతిసారీ గాయకుడి కాలి కింద నేల కదిలినట్టవుతుంది.

వయొలిన్ ధ్వని విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా 1919లో మొదలై, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ బోధించిన సంగీత కళాశాల విజయనగరంలోనే ఉంది. కమాను బరువు పెరిగినప్పుడు తీగ ధ్వని ఎలా మారుతుందో ఇక్కడి శ్రోతల చెవికి తెలుసు. కమాను గట్టిగా పడితే శబ్దం పెద్దదవడమే కాదు, నాదం రంగు కూడా మారుతుంది. చాలా శాంపిల్ లైబ్రరీల్లో, అంటే నిజమైన వాద్యాల రికార్డు చేసిన ధ్వనుల సేకరణల్లో, ఈ రంగు మార్పును సీసీ 1 చూసుకుంటుంది. కాబట్టి రీపర్, కాంటబైల్, గిగ్ పెర్ఫార్మర్, మెయిన్‌స్టేజ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఒకే పెడల్‌ను రెండింటికీ కలిపి, సీసీ 1ను పూర్తి పరిధిలో, సీసీ 11ను 80 నుంచి 127 దాకా మాత్రమే కదిలేలా పెట్టండి. ఈ ఒక్క అమరికతో ధ్వని ఎంత సజీవమవుతుందో మీరే వింటారు.

ధ్వని మార్చినప్పుడు మరో ఇబ్బంది ఎదురవుతుంది. హార్మోనియం నుంచి వేణువుకు మారితే కొత్త ధ్వనికి పెడల్ ఎక్కడుందో తెలియక పూర్తి స్థాయిలో పేలవచ్చు. పెడల్ ప్రస్తుత విలువను కొత్త ధ్వనికి పంపే ఏర్పాటు మీ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే దానిని వాడండి. లేకపోతే మారిన వెంటనే, మొదటి స్వరం నొక్కే ముందే, పాదాన్ని వెంట్రుకవాసి కదిపే అలవాటు చేసుకోండి.

ఏడో అడుగు: వేదిక మీద

కళింగపట్నం, బారువ వంటి తీర గ్రామాల్లో వాయించి వచ్చాక జాక్‌ల మీద ఉప్పుగాలి పొర చేరుతుంది. ఇంటికి రాగానే జాక్‌ను పొడి గుడ్డతో తుడిచి, పెడల్‌ను మూతి కట్టిన సంచిలో ఉంచండి. కాంటాక్ట్ క్లీనర్‌ను, అంటే విద్యుత్ అతుకులను శుభ్రపరిచే స్ప్రేను, జాక్ లోపలకు కొద్దిగా కొట్టవచ్చు, కానీ పొటెన్షియోమీటర్ మీద నూనె కొట్టకండి, దుమ్ము పట్టి మరింత పాడవుతుంది.

పెడల్‌ను కీబోర్డు ఆన్ చేయక ముందే గుచ్చండి. ఆన్ చేసే క్షణంలో పాదం దాని మీద ఉండకూడదు, ఎందుకంటే కొన్ని కీబోర్డులు ఆ సమయంలోనే పెడల్ స్థితిని గుర్తిస్తాయి. సిరిమాను ఉత్సవం వంటి రద్దీ సందర్భాల్లో జనరేటర్ కరెంటు మీద ఆధారపడవలసి వస్తుంది. పెడల్ యూఎస్‌బీ నుంచి నడుస్తూ, ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండుగా ఉంటే, వేదిక దీపాలు ఆరినా మీ వైపు ఏదీ రీస్టార్ట్ కాదు.

చివరగా, పెడల్ పనిచేయని పరిస్థితికి ముందే దారి వేసుకోండి. తీగ ఊడిపోతే కొన్ని పెట్టెలు వెంటనే 0 పంపుతాయి. కనిష్ఠాన్ని 40 దగ్గర పెట్టుకున్నవారికి అప్పుడూ నాదం వినిపిస్తూనే ఉంటుంది. మాడ్యులేషన్ చక్రాన్ని కూడా ఆ సీసీ 11కే కలిపిన రెండో అమరికను సాఫ్ట్‌వేర్‌లో సిద్ధంగా దాచి, ఒక్క మీటతో అందులోకి మారేలా పెట్టుకోండి. ఆ అమరికతో ఒక పద్యం మొత్తాన్ని ఇంట్లో వాయించి చూసిన తరువాతే వేదిక ఎక్కండి.